గెడ్డ మొగల్లో తేలే లూర్‌తో పండుగప్ప, పార చేపలు పట్టడం ఎలా

ముందే చెప్పేస్తున్నా, తేలే లూర్, అంటే నీళ్ళమీద తేలే ఉత్తుత్తి ఎర, అన్ని చోట్లా అన్ని టైముల్లో పనిచేసే సామాను కాదు. మిట్టమధ్యాహ్నం కళింగపట్నం బీచ్‌లో నిలబడి పెద్ద పెద్ద కెరటాల్లోకి పాపర్ అనే లూర్ విసిరి విసిరి భుజం నొప్పి తెచ్చుకుని ఇక్కడ చేపల్లేవురా బాబూ అని ఇంటికి ఎల్లిపోయినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. చేపలున్నాయి, కాకపోతే ఆ టైంలో ఆ నీళ్ళల్లో పైకి చూడవు, అంతే. ఏ లూర్ కొనాలి అన్నా అని అడిగేవాళ్ళే ఎక్కువ గానీ ఎక్కడ ఏ టైంలో విసరాలి అని అడిగేవాడు ఒక్కడూ కనపడడు, అందుకే నేను అక్కడి నుంచే మొదలెడతా.

పైన తేలేదాన్ని చేప వచ్చి కొట్టాలంటే నీళ్ళు లోతు తక్కువుండాలి, మోకాలి లోతు నుంచి మహా అయితే ఒక మనిషి లోతు. నీళ్ళ పైభాగం కాస్త నిదానంగా ఉండాలి. మన శ్రీకాకుళం వైపు అలాంటి నీళ్ళు దొరికేది ఏటి మొగల్లో, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట్ల, ఆ మొగల వెనకాల ఉప్పునీళ్ళు ఎక్కే గెడ్డల్లో, అంటే చిన్న వాగుల్లో. కళింగపట్నం దగ్గర వంశధార కలిసే చోటు, కళ్ళేపల్లి దగ్గర నాగావళి మొగ, బారువలో మహేంద్రతనయ, విజయనగరం వైపు వస్తే కోనాడ దగ్గర చంపావతి. నౌపడ, భావనపాడు వైపు ఉప్పు కయ్యల పక్కనుండే కాలవలు కూడా ఇదే లెక్క. మొగ దగ్గర కూడా సముద్రం వైపు మొహం పెట్టి విసరడం కాదు, ఇసక దిబ్బకి లోపలి వైపు, ఏటి నీళ్ళు దిబ్బ చివర తిరిగే మూల ఉంటాది చూడండి, ఒక పక్క నీళ్ళు పరిగెడతా ఉంటే పక్కనే నిలబడిపోయినట్టు ఉంటాయి, ఆ రెండూ కలిసే గీత మీద విసరాలి. వేట చేప కదలని నీళ్ళల్లో కూర్చుని పారే నీళ్ళల్లో వచ్చేదాని కోసం కాచుకుని ఉంటాది.

ఇంకో మాట, ఈ ఇసక దిబ్బలు ఏడాదికోసారి కాదు ఒక్కోసారి ఒక్క వరదకే చోటు మార్చేస్తాయి. కిందటేడు చేప పడిన చోటే ఈ ఏడూ నిలబడతానంటే కుదరదు, పాటులో నీళ్ళు బాగా తగ్గినప్పుడు ఒకసారి ఖాళీ చేతుల్తో ఎల్లి ఎక్కడ గుంత ఉంది ఎక్కడ మెరక ఉంది అని కళ్ళతో చూసి రండి, ఫోన్‌లో రెండు ఫొటోలు తీసుకోండి. పోటు ఎక్కాక అన్నీ ఒకేలాగ కనిపిస్తాయి.

పోటు పాటు సంగతి. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, ఒక్కోటి సుమారు ఆరు గంటలు, రోజూ ముప్పావుగంట పైచిలుకు వెనక్కి జరుగుతాది. అంటే ఇవాళ పొద్దున్న ఆరింటికి దొరికిన నీళ్ళు వారం తర్వాత ఆరింటికి దొరకవు. అమావాస్యకీ పున్నానికీ పోటు పెద్దది, నీళ్ళ ఎత్తు తేడా సుమారు మీటరున్నర దాకా వస్తాది, అష్టమి రోజుల్లో అందులో సగం కూడా ఉండదు. నాకైతే పెద్ద పోటు అయ్యాక నీళ్ళు వెనక్కి తియ్యడం మొదలెట్టిన రెండు గంటలు అన్నిటికన్నా ఇష్టం, గెడ్డల్లోకి ఎక్కిన కత్తిపరిగె చేపలూ రొయ్యలూ నీళ్ళతో పాటు కిందికి జారతా వస్తాయి, పండుగప్ప ఆ దారి మీదే ఉంటాది. ఆ రెండు గంటలూ తెల్లవారి చీకటితోనో పొద్దు గూకే టైంతోనో కలిసిందా, ఆఫీసుకి సెలవు పెట్టినా తప్పులేదు. సూర్యుడు మనకి సముద్రంలోంచి సరిగ్గా మొహం మీదకి వస్తాడు కాబట్టి, వేసవిలో అయితే అయిదున్నర కాకముందే వచ్చేస్తాడు, చీకటుండగానే చోటు చేరుకుని ఉండాలి.

చేప ఉందో లేదో తెలిసేది ఎలా? కత్తిపరిగెల్ని చూడండి. ఊరికే ఒకటీ అరా ఎగిరి పక్కకి వాలిపోతే దానికేం అర్థం లేదు, అవి అలా ఎగురుతానే ఉంటాయి. కానీ ఒక్కసారిగా పది పదిహేను చేపలు ఒకే వైపుకి చిమ్మినట్టు లేచాయంటే కింద ఏదో తరిమింది. ఇంకోటి, గుంపు నీళ్ళ పైన మూతులు పెట్టి నిదానంగా తిరుగుతా ఉండి హఠాత్తుగా చప్పుడు లేకుండా మాయమైపోతే అది ఇంకా మంచి గుర్తు. ఆ గుంపు మధ్యలోకి విసరకండి, అందరూ చేసేది అదే. గుంపుకి రెండు మూడు బారలు అవతల వేసి గుంపు అంచు వెంబడి తీసుకురండి, తప్పిపోయిన ఒంటరి చేపలాగ.

సామాను గురించి ఎక్కువ చెప్పను. ఏడడుగుల మీడియం లేదా మీడియం హెవీ రాడ్, 3000 నుంచి 4000 సైజు స్పిన్నింగ్ రీల్, 20-30 పౌండ్ల బ్రెయిడ్ అంటే అల్లిన దారం, ముందర రెండు మూడు అడుగుల లీడర్ అంటే దారానికీ లూర్‌కీ మధ్య కట్టే ముక్క. లీడర్ మాత్రం 40 పౌండ్ల మామూలు మోనో నైలాన్ వాడండి, ఫ్లోరోకార్బన్ వద్దు, అది మునుగుతాది, చిన్న లూర్ మూతిని కిందకి లాగేస్తాది. మరీ సన్న లీడర్ పెడితే పండుగప్ప మొప్ప కప్పు అంచు బ్లేడులాగ కోసేస్తాది. లూర్‌కి కట్టే ముడి బిగించేసే ముడి కాకుండా లూప్ ముడి వెయ్యండి, అప్పుడే అది అటూ ఇటూ తల తిప్పుతాది. మూతి దగ్గర బరువైన స్వివెల్, స్నాప్ లాంటి లోహపు తగుళ్ళు ఏవీ వద్దు.

లూర్‌లు రెండు రకాలుంటే చాలు, మిగతావి షాపువాడి కోసం. ఒకటి పాపర్, మూతి దగ్గర గుంత ఉంటాది, లాగితే గుబుక్ మని నీళ్ళు చిమ్ముతాది. రెండోది స్టిక్‌బెయిట్, చుట్ట ఆకారంలో ఉంటాది, దానికదే ఏమీ చెయ్యదు, చేయించాలి. హెడ్డన్ వాళ్ళ జారా స్పూక్ పేరు విని ఉంటారు, ఆ జాతి. మూడున్నర నాలుగు అంగుళాల సైజు మన గెడ్డలకి సరిపోతాది. రంగుల గురించి జుట్టు పీక్కోవద్దు, కింద నుంచి చూసే చేపకి ఆకాశం ఎదురుగా నల్లటి ఆకారమే కనిపిస్తాది, పొట్ట తెల్లగా ఉన్నది ఒకటి, మొత్తం నల్లగా ఉన్నది ఒకటి పెట్టుకోండి.

స్టిక్‌బెయిట్ నడిపించడమే అసలు విద్య. విసిరాక వెంటనే లాగకండి, నీళ్ళమీద రేగిన వలయాలు సద్దుమణిగేదాకా ఆగండి. రాడ్ కొస కిందకి, దాదాపు నీళ్ళకి తగిలేలాగ. ఇప్పుడు మణికట్టుతో చిన్నగా టక్, మహా అయితే జానెడు కదలాలి కొస, వెంటనే కొసని వెనక్కి వదిలెయ్యాలి. ఈ వదలడమే చాలామంది చెయ్యరు. దారం వదులుగా ఉంటేనే లూర్ మూతి పక్కకి జారుతాది, బిగుతుగా పట్టుకుంటే తిన్నగా నీ వైపు దూసుకొచ్చేస్తాది, అలా తిన్నగా వచ్చేది ఏ చేపకీ నచ్చదు. టక్, వదులు, టక్, వదులు, ప్రతి టక్‌కీ హ్యాండిల్ పావు చుట్టు అర చుట్టు తిప్పి వదులైన దారం మాత్రం తియ్యాలి, లూర్‌ని లాగడానికి రీల్ కాదు. లయ కుదిరాక అది ఎడమకోసారి కుడికోసారి తల తిప్పుకుంటా వస్తాది, వెనకాల నీళ్ళమీద వంకర టింకర గీత కనిపిస్తాది. ఇది సముద్రం దగ్గరకి ఎల్లి నేర్చుకునే పని కాదు, ఊళ్ళో చెరువు గట్టు మీద సాయంత్రాలు ప్రాక్టీస్ చెయ్యండి, నలుగురు చూసి నవ్వుతారు, నవ్వనివ్వండి. గాలి పక్కనుంచి కొడతా ఉంటే బ్రెయిడ్ విల్లులాగ వంగిపోయి లూర్‌ని లాక్కుపోతాది, అప్పుడు గాలి వెనకనుంచి తగిలే చోటుకి మారడమే మేలు లేదా పాపర్ పెట్టుకోవడం.

ఇక కొట్టినప్పుడు. పండుగప్ప కొరకదు, నోరు టక్కున తెరిచి నీళ్ళతో పాటు లూర్‌ని లోపలికి పీల్చేస్తాది, ధబ్ మని ఒక బోలు శబ్దం, లూర్ ఉన్న చోట గుంత. ఆ శబ్దానికి మన చెయ్యి దానంతటదే లేచిపోతాది, సగం చేపలు పోయేది అక్కడే. పీల్చిన లూర్ ఇంకా నోట్లో తిరగలేదు, మీరు లాగేశారు, రెండు ట్రెబుల్ (మూడు కొసల) హుక్కులున్న ఆ వస్తువు గాల్లో ఎగిరి మీ మొహం మీదకే వస్తాది. కళ్ళద్దాలు పెట్టుకోమనేది ఎండకోసం ఒక్కదానికే కాదు. శబ్దం విన్నా, నీళ్ళు చిమ్మినా, చేప కనిపించినా లాగొద్దు, అదే లయలో టక్ టక్ చేస్తానే ఉండండి, చేతికి బరువు తగిలి రాడ్ వంగడం మొదలైనప్పుడు, అప్పుడు, పక్కకి గట్టిగా ఒక్క లాగు. పైకి కాదు పక్కకి. డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు రీల్ దారం వదిలే బిగువు, మీ దారం తెగే బరువులో నాలుగో వంతు ఉండేలా ముందే సెట్ చేసుకోండి, చేప వచ్చాక తిప్పితే కంగారులో ఎటు తిప్పుతామో మనకే తెలీదు.

కొట్టి తప్పిపోయిందా, చేపని బట్టి చెయ్యాలి. పండుగప్ప అయితే ఆపండి, ఒకటి రెండు మూడు లెక్కపెట్టి చిన్నగా ఒక్క వణుకు ఇవ్వండి, అక్కడే తిరుగుతా ఉంటే మళ్ళీ వస్తాది. పార, తోలుపార అయితే అస్సలు ఆపొద్దు, ఇంకా స్పీడు పెంచండి, ఆగిపోయిన ఎరని చూసి అవి అనుమానపడి ఎల్లిపోతాయి, పారిపోయేదాన్నే తరుముతాయి. అందుకే మొగకి బయటి వైపు ఉప్పునీళ్ళ గీత దగ్గర పారల కోసం పాపర్‌తో గుబుక్ గుబుక్ మని వేగంగా, లోపల గెడ్డలో పండుగప్ప కోసం స్టిక్‌బెయిట్‌తో నిదానంగా. పొద్దు గూకాక టార్చ్ గెడ్డ మీద వేస్తే ఎర్రగా మెరిసే కళ్ళు కనిపిస్తే అవి పండుగప్పవి కావచ్చు, చూశారు కదా ఇంక లైటు ఆపెయ్యండి.

సీజన్ అంటే, జూలై నుంచి సెప్టెంబర్ దాకా వంశధార, నాగావళి ఎర్రమట్టి నీళ్ళతో వస్తాయి, ఆ బురదలో చేప పైకి చూసినా ఏం కనపడదు, ఇంట్లో రీల్‌కి గ్రీజు పెట్టుకోండి. అక్టోబర్ నుంచి నీళ్ళు తేరుకుంటాయి గానీ అదే తుఫాన్ల కాలం, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ రెండూ అక్టోబర్‌లోనే వచ్చాయి, వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్న రోజు మొగ వైపు ఎల్లొద్దు, బాగా ఉన్నట్టే కనిపిస్తాది గానీ దూరంలో పుట్టిన కెరటం ముందుగా వచ్చేస్తాది. డిసెంబర్, జనవరి చలి తెల్లవారుల్లో గెడ్డ నీళ్ళు చల్లబడి పండుగప్ప బద్ధకిస్తాది, అప్పుడు పొద్దున్న కన్నా నీళ్ళు కాస్త వెచ్చబడిన సాయంత్రమే నయం. ఫిబ్రవరి, మార్చి చక్కగా ఉంటాది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మరబోట్లు, ఇంజన్ నావలు తియ్యకూడదు, కాబట్టి ఎవర్నీ డబ్బులిచ్చి నావ తియ్యమని ఇబ్బంది పెట్టకండి, ఒడ్డునుంచే ఆడుకోండి. ఇంకోటి, జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్ళు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మన ఇసకలోకే వస్తాయి, బీచ్ మీద టార్చ్ ఊపుకుంటా నడవొద్దు.

వలలవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఒడ్డు నుంచి పెద్ద అలివి వల లాగుతుంటే ఆ దరిదాపుల్లో విసరకండి, మన హుక్కు వలలో పడితే వాళ్ళ అరపూట పని పోతాది. విసురు వలతో గెడ్డలో తిరిగే పెద్దాయన కనిపిస్తే పలకరించండి, ఏ గుంతలో ఏముందో ఆయనకి తెలిసినంత ఏ యాప్‌కీ తెలీదు. మొదట లూర్ చూసి, "ఏటి నాయనా, ఈ చెక్కబొమ్మకి చేప పడతాదేటి?" అంటాడు. "పడతాది తాతా, నువ్వు చోటు చెప్పు" అనండి. నవ్వుకుంటానే చెయ్యి చూపిస్తాడు, ఎక్కువసార్లు ఆ చూపించిన చోటే నిజం. పడిన చేపలో ఒకటి ఆయనకి ఇస్తే మళ్ళీసారి ఆయనే పిలుస్తాడు.

నీళ్ళలోకి దిగితే అడుగులు ఎత్తి వెయ్యకండి, పాదం ఇసకలో ఈడ్చుకుంటా నడవండి, టేకు చేప ఇసక కప్పుకుని పడుకుని ఉంటాది, కాలు తగిలేలోపే తప్పుకుంటాది, మీద తొక్కితే తోక ముల్లు దింపుతాది. మొగ దగ్గర నడుము లోతు దాటొద్దు, పాటు లాగేటప్పుడు ఆ నీళ్ళు ఎంత ఈతగాడినైనా బయటికి తీసుకుపోతాయి. ఒంటరిగా అస్సలు వద్దు.

చేప ఒడ్డుకొచ్చాక మొప్పల్లో వేళ్ళు పెట్టొద్దు, పైన చెప్పిన బ్లేడు అక్కడే ఉంది, పొడుగు ముక్కు ప్లయర్‌తో హుక్కు తియ్యండి. కొత్త లూర్ కొనగానే హుక్కుల ముళ్ళు ప్లయర్‌తో నొక్కేసుకుంటే చేపకీ మీ వేలికీ కూడా సులువు. పండుగప్ప పుట్టడం మగదిగానే పుట్టి పెరిగాక ఆడదవుతాది, మూడడుగుల దరిదాపు చేప అంటే ఎక్కువగా గుడ్లు పెట్టే ఆడదే, దాన్ని ఒక ఫొటో తీసి నీళ్ళలో తల పట్టుకుని అది తనంతట తాను తోక ఊపేదాకా ఆగి వదిలెయ్యండి. కూరకి రెండు కిలోలది చాలు, రుచి కూడా దాన్దే.

ఇంటికొచ్చాక రీల్‌ని పంపు కింద ఫుల్‌గా పెట్టి కొట్టకండి, ఉప్పు లోపలికి ఎల్లిపోతాది. డ్రాగ్ బిగించి పైన మంచినీళ్ళు చిలకరించి, తుడిచి, డ్రాగ్ మళ్ళీ వదులు చేసి నీడలో ఆరబెట్టండి. లూర్‌లు మాత్రం బకెట్‌లో నానబెట్టొచ్చు. హుక్కు మీద ఎర్ర చుక్క కనిపిస్తే గీకి దాచుకోకుండా అది తగిలించిన చిన్న స్ప్లిట్ రింగ్‌తో సహా మార్చెయ్యండి.