థాడియస్ స్టీవెన్స్ జీవితాన్ని తెలుగు వ్యాసంగా రాసే పద్ధతి

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కళాశాలల్లో చరిత్ర చదివే విద్యార్థులు అమెరికా అంతర్యుద్ధం గురించి రాయవలసి వచ్చినప్పుడు సాధారణంగా లింకన్‌తో మొదలుపెట్టి లింకన్‌తోనే ముగిస్తారు. ఆయన సమకాలికులు, పెన్సిల్వేనియాలో పేరుమోసిన ప్లీడరు, ప్రతినిధుల సభలో బానిసత్వ నిర్మూలనకు గట్టిగా పట్టుబట్టిన థాడియస్ స్టీవెన్స్‌ను ఎంచుకుంటే రాయడానికి ఎక్కువ విషయం దొరుకుతుంది. స్టీవెన్స్ జీవితంలో కోర్టు పనీ చట్టసభ పనీ విడదీయలేనంతగా కలిసిపోయాయి కనుక, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపగలగడమే ఈ వ్యాసానికి ప్రాణం.

ముందుగా ఒక కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు స్టీవెన్స్ జీవితంలోని సంవత్సరాలను, కుడివైపు మన ప్రాంతపు సంవత్సరాలను రాసుకోవాలి. స్టీవెన్స్ వెర్మాంట్ రాష్ట్రంలోని డాన్విల్‌లో 1792 ఏప్రిల్ 4న పుట్టారు. మరో రెండేళ్లకు, 1794లో, పద్మనాభ యుద్ధం జరిగింది. గురజాడ అప్పారావు 1862 సెప్టెంబరు 21న జన్మించగా, ఆ మరునాడే లింకన్ బానిస విముక్తికి సంబంధించిన తొలి ప్రకటన వెలువరించారు. 1863 జూన్‌లో, బానిసత్వాన్ని నిలుపుకోవడానికి అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సేనలు స్టీవెన్స్ ఇనుప కర్మాగారాన్ని తగులబెట్టాయి. ఆ ఆగస్టులోనే శ్రీకాకుళం ప్రాంతంలో గిడుగు రామమూర్తి పుట్టారు. ఈ తేదీలన్నీ వ్యాసంలోకి ఎక్కించనక్కరలేదు. రాసేవారి మనసులో కాలం స్థిరపడితే, చదివేవారికి ఎక్కడ ఏది గుర్తుచేయాలో తెలుస్తుంది.

బాల్యాన్ని ఒక్క పేరాలో ముగించడం మంచిది. పుట్టుకతోనే వంకరగా ఉన్న పాదం, కుటుంబాన్ని వదిలి వెళ్లిపోయిన తండ్రి, కష్టపడి చదివించిన తల్లి, 1814లో డార్ట్‌మత్ కళాశాల పట్టం, పెన్సిల్వేనియాలోని యార్క్‌లో ఉపాధ్యాయ వృత్తి, 1816లో గెటిస్‌బర్గ్‌లో వకాల్తా ప్రారంభం: ఇంతకు మించి అవసరం లేదు.

అసలు శ్రమ పెట్టవలసింది కేసుల దగ్గర. 1821లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన బట్లర్ కేసును తప్పక రాయాలి. బానిసగా ఉన్న ఒకరిని యజమాని ఆ రాష్ట్రంలో ఆరు నెలలకు మించి ఉంచితే వారికి స్వేచ్ఛ లభించేది. చారిటీ బట్లర్ అనే స్త్రీ ఆ నిబంధన ఆధారంగా తనకూ తన పిల్లలకూ విముక్తి కోరగా, స్టీవెన్స్ యజమాని పక్షాన వాదించి గెలిచారు. ఆరు నెలలూ ఎడతెగకుండా గడిచి ఉండాలని కోర్టు నిర్ణయించింది. కీర్తిమంతులపై వ్యాసం రాసేటప్పుడు ఇటువంటి ఘట్టాన్ని దాటవేయాలన్న ప్రలోభం కలుగుతుంది. దానికి లొంగకూడదు. ఆ తల్లీ పిల్లలూ మళ్లీ బానిసత్వంలోకి వెళ్లారన్న విషయాన్ని ముందు స్పష్టంగా చెప్పి, ఆ తరువాతే 1851 నాటి క్రిస్టియానా కేసుకు రావాలి. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవారిని పట్టుకోవడానికి మేరీల్యాండ్ నుంచి పెన్సిల్వేనియాలోని క్రిస్టియానాకు వెళ్లిన యజమాని అక్కడి ప్రతిఘటనలో మరణించగా, ప్రభుత్వం పలువురిపై రాజద్రోహ నేరం మోపింది. ఫిలడెల్ఫియాలో విచారణకు నిలిచిన కాస్ట్‌నర్ హాన్‌వే పక్షాన వాదించిన న్యాయవాదుల్లో స్టీవెన్స్ ఒకరు; జ్యూరీ హాన్‌వేను నిర్దోషిగా తేల్చింది. ఈ రెండు కేసుల మధ్య ముప్పై ఏళ్ల దూరం ఉంది. ఆ మార్పుకు ఏదో ఒకే కారణం ఉన్నట్టు రాయడం కన్నా, నడుమ చేసిన పనులను వరుసగా చూపడం నిజాయితీ అనిపించుకుంటుంది. ఉదాహరణకు, 1838లో రాష్ట్ర రాజ్యాంగ సభ నల్లజాతివారి ఓటుహక్కును తొలగించినప్పుడు, సభ్యులై ఉండి కూడా ఆ పత్రంపై సంతకం చేయడానికి స్టీవెన్స్ నిరాకరించారు.

1835 ఏప్రిల్ నాటి ప్రసంగానికి ప్రత్యేకంగా చోటు కేటాయించాలి. ముందు ఏడాది వచ్చిన ఉచిత పాఠశాలల చట్టాన్ని, పన్ను భారం పడుతుందన్న కోపంతో రద్దు చేయబోతుండగా, పేదవారి పిల్లలకు చదువు దానంగా కాక హక్కుగా అందాలని స్టీవెన్స్ రాష్ట్ర ప్రతినిధుల సభలో వాదించారు, చట్టం నిలిచింది. నా దృష్టిలో ఆ జీవితమంతటిలో మన విద్యార్థులకు అత్యంత సన్నిహితమైన ఘట్టం ఇదే.

కాంగ్రెసు కాలాన్ని రాసేముందు ప్రతినిధుల సభ మన లోక్‌సభ వంటిదనీ, సెనేట్ రాష్ట్రాలకు సమాన ప్రాతినిధ్యం ఇచ్చే సభ అనీ ఒక్క వాక్యంలో చెప్పాలి. స్టీవెన్స్ 1849 నుంచి 1853 వరకు, మళ్లీ 1859 నుంచి మరణం వరకు ప్రతినిధుల సభలో ఉన్నారు. యుద్ధకాలంలో పన్నులు, రుణాలు చూసే కమిటీకి అధ్యక్షత వహించారు. 1865 జనవరి 31న ఆ సభ 119–56 ఓట్లతో ఆమోదించిన రాజ్యాంగ 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. 1866లో, అందరికీ చట్టపరంగా సమాన రక్షణ కల్పించే 14వ సవరణ తాను కోరినంత బలంగా లేకపోయినా ఎందుకు అంగీకరిస్తున్నారో చెబుతూ, తాను బతుకుతున్నది మనుషుల మధ్యనే గాని దేవదూతల మధ్య కాదని స్టీవెన్స్ సభలో అన్నారు. ఈ మాటను తప్పక ఉదాహరించాలి. పట్టుదలగల వ్యక్తి ఎక్కడ రాజీపడ్డారో, ఆ రాజీ ఎంత బాధాకరమో అది చూపిస్తుంది.

మన జిల్లాల పాఠకులు వెంటనే గ్రహించగలిగినది భూమి విషయం. 1865 సెప్టెంబరులో లాంకస్టర్ పట్టణంలో చేసిన ప్రసంగంలో, తిరుగుబాటు చేసిన పెద్ద భూస్వాముల ఆస్తులను స్వాధీనం చేసుకొని, విముక్తి పొందిన ఒక్కొక్క వయోజనుడికి 40 ఎకరాలు ఇవ్వాలని స్టీవెన్స్ ప్రతిపాదించారు. అది చట్టం కాలేదు. జమీందారీ పాలనలో రైతు పరిస్థితి ఏమిటో, 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం ఎందుకు అవసరమైందో ఇంటి పెద్దల ద్వారా విన్నవారికి, భూమి లేని స్వేచ్ఛ గురించి పొడవైన వివరణ అక్కరలేదు. అయితే రెండు వ్యవస్థలనూ ఒకటిగా చూపకూడదు: జమీందారీ రైతు అమ్ముడుపోయే ఆస్తి కాదు.

ఆధారాల కోసం ఆనాటి సభా చర్చలను అచ్చువేసిన ‘కాంగ్రెషనల్ గ్లోబ్’ సంపుటాలను చూడాలి. అవి అమెరికా కాంగ్రెసు గ్రంథాలయం వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఇతరులు ఉటంకించిన వాక్యాన్ని అలాగే తీసుకోక, తేదీ పట్టుకొని మూలంలో ముందువెనుకలు చదివి, ఆ తరువాతే తెలుగులో రాయాలి.

ఈ వ్యాసాన్నే సభలో ప్రసంగంగా చదవవలసి వచ్చి సమయం చాలకపోతే, 1868లో, లింకన్ తరువాత అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్‌పై జరిగిన అభిశంసనను రెండు వాక్యాలకు కుదించవచ్చు: స్టీవెన్స్ తీవ్ర అనారోగ్యంతో ఉండి కూడా దానికి పట్టుబట్టారు, సెనేట్‌లో ఒక్క ఓటు తక్కువై అది వీగిపోయింది. ఆ ఆగస్టు 11న స్టీవెన్స్ మరణించారు. పాఠశాలల ప్రసంగాన్నీ చారిటీ బట్లర్ కేసునూ మాత్రం ఎంత తొందరలోనైనా తీసివేయకూడదు.