బాండు రాసిచ్చిన ఉద్యోగానికి రాజీనామా ఎలా చేయాలి?

బాండు అంటే ఇన్నేళ్లు పనిచేస్తానని, మధ్యలో మానేస్తే ఇంత కడతానని చేరేటప్పుడు రాసిచ్చే ఒప్పందం. దానికి హామీగా చాలాచోట్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఖాళీ చెక్కులు కూడా సంస్థే తీసిపెట్టుకుంటుంది. అలాంటి ఉద్యోగం మానేసేటప్పుడు చెడగొట్టుకునేవాళ్లంతా దాదాపు ఒకే తీరుగా చెడగొట్టుకుంటారు. ముందు వాట్సాప్‌లో మానేస్తున్నానని మెసేజ్ పెడతారు, ఆ తర్వాత ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతారు. మెసేజ్ వెళ్లిన నిమిషం నుంచి బీరువా తాళం సంస్థది, అవసరం మీది. హనుమకొండ నయీంనగర్ కాలేజీలో లెక్చరరైనా, కరీంనగర్ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సయినా, మడికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగైనా వరుస ఒక్కటే: కాగితాలు ముందు, రాజీనామా తర్వాత.

ముందుగా దగ్గర ఉండాల్సినవి

నియామక పత్రం, బాండు కాపీ, చివరి మూడు నెలల పే స్లిప్పులు, పీఎఫ్ యూఏఎన్ నంబరు, ఇచ్చిన చెక్కుల నంబర్లు. బాండు కాపీ లేకపోతే ఇంక్రిమెంటు మాట్లాడే రోజుల్లో అడగండి, అప్పుడు ఎవరూ అనుమానపడరు. మీ కాగితాలు మీ సొంత మెయిల్‌కు పంపుకోండి. కంపెనీ ఫైలు మాత్రం ఒక్కటి కూడా పంపుకోవద్దు. బాండు మీద గెలవలేని సంస్థకు చేతికి దొరికే కర్ర అదే.

బాండులో ఏముందో చదవడం

వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసినంత మాత్రాన ప్రతి షరతుకూ ప్రాణం రాదు. మూడు సంగతులు చూస్తే చాలు.

మొదటిది డబ్బు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం బాండులో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. కోర్టుకు వెళితే దాని లోపల న్యాయమైన పరిహారమే వస్తుంది. రెండేళ్ల బాండు, రూ.1,50,000 జరిమానా, 16 నెలలు పనిచేశారు అనుకుందాం. మిగిలిన 8 నెలల వంతు రూ.50,000. బేరం అక్కడ మొదలవ్వాలి, లక్షన్నర దగ్గర కాదు. అసలు మీకు ఏం శిక్షణ ఇచ్చారు, దానికి ఎంత ఖర్చయిందని అడగండి. అలాగని బాండ్లన్నీ చెల్లవని చెప్పేవాళ్ల మాట కూడా వినొద్దు. మూడేళ్ల కనీస సర్వీసు, రూ.2 లక్షల బాండు ఉన్న ఒక ప్రభుత్వరంగ బ్యాంకు కేసులో 2025 మేలో సుప్రీంకోర్టు బ్యాంకు పక్షానే తీర్పిచ్చింది. బహిరంగ ప్రకటనతో, పోటీ పద్ధతిలో నియామకాలు జరిపే సంస్థకు మధ్యలో ఉద్యోగి పోతే అయ్యే ఖర్చు అక్కడ లెక్కలోకి వచ్చింది. వారం రోజులు పక్కన కూర్చోబెట్టి పని చూపించిన సంస్థ అదే మాట అంటే నిలబడటం కష్టం.

రెండోది, ‘రెండేళ్లపాటు పోటీ సంస్థలో చేరకూడదు’ అన్న షరతు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు, నోటీసు కాలం సహా, అది చెల్లుతుంది. మానేశాక అదే చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదు. కంపెనీ రహస్యాలు బయటపెట్టకూడదన్న షరతు మాత్రం మానేశాకా వెంట ఉంటుంది.

మూడోది ఎవరూ చదవని చివరి పేజీ. వివాదం వస్తే ఏ ఊరి కోర్టు అన్నది అక్కడ ఉంటుంది. పనిచేసింది మడికొండలోనే అయినా బెంగళూరు అని రాసి ఉంటే బెంగళూరే. ఆ కోర్టుకు మామూలుగా ఆ వివాదం వినే అధికారం ఉంటే చాలు, ఉద్యోగ ఒప్పందాల్లోనూ ఇలాంటి షరతు చెల్లుతుందని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఒరిజినల్స్, ఖాళీ చెక్కులు బయటికి తేవడం

అసలు పని ఇది. దీనికి రెండు మూడు నెలలు పట్టినా సరే, ఇది కాకుండా తర్వాతి మెట్టు ఎక్కొద్దు.

ఉద్యోగి సర్టిఫికెట్లను బాకీ కింద పట్టి ఉంచుకునే హక్కు యజమానికి దానంతట అది రాదు. కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ అలాంటి హక్కును బ్యాంకర్లు, పాలసీ బ్రోకర్లు వంటి కొద్దిమందికే ఇచ్చింది. మిగతావాళ్లకు కావాలంటే స్పష్టమైన ఒప్పందం ఉండాలి. అందుకే మీ బాండులో ‘సర్టిఫికెట్లు సంస్థ వద్ద ఉంచుటకు అంగీకరించడమైనది’ అనే వాక్యం ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే అడిగే గొంతే వేరుగా ఉంటుంది.

అడిగేందుకు నిజమైన కారణం ఉంటే మేలు. ప్రభుత్వ ఉద్యోగానికి సర్టిఫికెట్ వెరిఫికేషన్, పీహెచ్‌డీ లేదా పీజీ ప్రవేశం, గల్ఫ్ ఉద్యోగానికి డిగ్రీ అటెస్టేషన్ వంటి వాటికి ఒరిజినల్సే కావాలి. మీకు నిజంగా ఉన్నదే చెప్పండి. లేని పెళ్లి, లేని లోను కల్పిస్తే నెలలోపే బయటపడుతుంది. ఏ కారణమూ లేకపోతే ‘నా సర్టిఫికెట్లు నా దగ్గర ఉంచుకోదలిచాను’ అన్నా తప్పేం లేదు. కాకపోతే అది నోటితో కాదు, కాగితం మీద అడగాలి.

ఆ కాగితంలో ఒక్కొక్కటీ విడివిడిగా, హాల్‌టికెట్ నంబరుతో సహా రాయండి: టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), టీసీ. ‘నా సర్టిఫికెట్లన్నీ’ అని రాస్తే నాలుగిచ్చి ఓడీ ఆపుతారు, అన్నీ ఇచ్చేశామంటారు. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. ‘ఇప్పుడేం తొందర, మా దగ్గర భద్రంగనే ఉన్నయ్ కదా’ అంటారు. నవ్వి ఊరుకుని, అదే సాయంత్రం అదే ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ సదుపాయంతో పంపండి. పాత రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరులో స్పీడ్ పోస్టులోనే కలిసిపోయింది. కౌంటర్లో రిజిస్ట్రేషన్ కావాలని విడిగా చెప్పకపోతే మామూలు స్పీడ్ పోస్టుగా కట్టేస్తారు. రసీదును ఫొటో తీసి పెట్టుకోండి, ఆ సిరా త్వరగా వెలిసిపోతుంది.

చెక్కుల సంగతి ఇంకా జాగ్రత్త. తేదీ వేయని చెక్కు మూడు నెలలు దాటితే చెల్లదని నమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ మూడు నెలలు చెక్కు మీది తేదీ నుంచి లెక్క, ఆ తేదీ వేసుకునేది వాళ్లు. స్టాప్ పేమెంట్ పెట్టినా, ఖాతా మూసేసినా చెక్కు బౌన్సు కేసు (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్) తప్పుతుందనుకోవద్దు. చేయాల్సింది వేరే: చెక్కు నంబరు, బ్యాంకు పేరు రాసి, అది బాండుకు హామీగా ఇచ్చిందే తప్ప ఏ బాకీకీ కాదని, తిరిగి ఇవ్వమని లిఖితపూర్వకంగా అడగండి. ఈ ఉత్తరం రాజీనామాకు ముందే వెళ్లి ఉంటే దానికుండే బరువు వేరు. ఖాళీ ప్రామిసరీ నోటుకూ ఇదే పద్ధతి. ఒకవేళ చెక్కు బౌన్సయి నోటీసు వస్తే డబ్బు కట్టడానికి 15 రోజుల గడువు ఉంటుంది. ఆలోగా జవాబు ఇవ్వకుండా బల్ల సొరుగులో పడేసినవాళ్లే మునుగుతారు.

ఇక అందరూ చెప్పే ‘తెలివైన’ ఉపాయం ఒకటుంది. సర్టిఫికెట్లు బస్సులో పోయాయని పోలీసు స్టేషన్లో రాసిచ్చి, అఫిడవిట్ పెట్టి, కాకతీయ యూనివర్సిటీలో డూప్లికేట్లు తీసుకోవడం. పొరపాటున కూడా చేయొద్దు. అవతలివాళ్లు బీరువాలోంచి ఒరిజినల్ తీసి చూపించిన రోజు, బాండు గొడవ పోయి మీ మీద తప్పుడు ప్రమాణం కేసు మొదలవుతుంది.

రెండు ఉత్తరాలకూ కదలకపోతే అప్పుడు వకీలు నోటీసు. మొదటే నోటీసు పంపే పద్ధతి నాసిరకం. ఆ రోజు నుంచి హెచ్‌ఆర్ పక్కకు తప్పుకుని వాళ్ల వకీలు వస్తాడు, మాటతో అయ్యేది కూడా కాకుండా పోతుంది. ఫీజు భారమైతే హనుమకొండ అదాలత్ కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, న్యాయ సాయం హెల్ప్‌లైన్ నంబరు 15100. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా సాయం ఉచితం. కేసు వేయకముందే ఇద్దరినీ పిలిపించి మాట్లాడించే ఏర్పాటు కూడా అక్కడ ఉంటుంది.

రాజీనామా పత్రం

నాలుగు వాక్యాలు, అంతకు మించితే తప్పే:

‘నేను మీ సంస్థలో ఫలానా హోదాలో పనిచేస్తున్నాను. నియామక పత్రంలోని ఫలానా నిబంధన ప్రకారం రాజీనామా చేస్తున్నాను. ఈ లేఖ అందిన మరుసటి రోజు నుంచి నోటీసు కాలం లెక్కించగా నా చివరి పనిదినం ఫలానా తేదీ. ఆ రోజుకు రిలీవింగ్ లెటర్, సర్వీసు సర్టిఫికెట్, నాకు రావలసిన జీతం ఇప్పించగలరు.’

కారణం రాయకూడదు. ఎక్కడ చేరుతున్నారో రాయకూడదు. ‘క్షమించగలరు’, ‘బాండు మొత్తం చెల్లిస్తాను’ అన్న మాటలు అస్సలు రాకూడదు. మంగళవారం పొద్దున 11 గంటల్లోపు ఇవ్వాలి. శుక్రవారం ఇస్తే శని, ఆదివారాలు ఫోన్ల మీద ఫోన్లు చేసి మెత్తబరుస్తారు.

తేదీ లెక్కలో ‘90 రోజులు’, ‘మూడు నెలలు’ ఒకటి కావు. జూన్ 10న పత్రం అందితే 90 రోజులు సెప్టెంబరు 8తో అయిపోతాయి, మూడు నెలలు సెప్టెంబరు 10 దాకా ఉంటాయి. 8న వెళ్లిపోతే రెండు రోజుల జీతం కోయడానికి మీరే దారి చూపించినట్టు. లెక్చరర్ల బాండ్లలో ‘విద్యా సంవత్సరం మధ్యలో’ అన్న మాట ఉంటే, ఎప్‌సెట్ కోచింగ్ ముగిసేలా చివరి రోజు పెట్టుకోవడం మేలు.

‘మేం యాక్సెప్ట్ చేయం’ అంటే కంగారుపడొద్దు. ఫలానా మనిషి ఫలానా చోట పనిచేసి తీరాలని కోర్టు ఆదేశించదు. నష్టపరిహారం అడగడమే వాళ్లకున్న దారి. అంతవరకూ రోజూ వెళ్లండి, హాజరు వేయండి, అప్పగించిన పనికి మెయిల్ పెట్టండి. చెప్పకుండా మానేస్తే ‘పరారీ’ అని రాస్తారు, కొత్త కంపెనీ వెరిఫికేషన్‌లో అదే కనబడుతుంది.

లెక్క తేల్చడం

నోటీసు కాలం తగ్గించుకోవాలంటే కట్టాల్సిన డబ్బు బేసిక్ మీదా, మొత్తం జీతం మీదా అన్నది నియామక పత్రంలో చూడండి. రూ.24,000 జీతంలో బేసిక్ రూ.12,000 అయితే నెలకు సగానికి సగం తేడా. దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా వేస్తే ఒప్పుకోవద్దు. నోటీసు సొమ్ముకూ, బాండు సొమ్ముకూ జీఎస్టీ లేదని 2022 ఆగస్టు 3 నాటి 178వ నంబరు జీఎస్టీ సర్క్యులర్ చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవాళ్లకు కూడా రెండు పనిదినాల్లో జీతం ఇవ్వాలి. ‘నాకు ఎలాంటి బాకీ లేదు’ అన్న కాగితం మీద డబ్బు ఖాతాలో పడ్డాకే సంతకం.

పీఎఫ్‌లో వాళ్లు నిష్క్రమణ తేదీ వేయకపోతే, చివరి చందా పడ్డ రెండు నెలల తర్వాత యూఏఎన్ పోర్టల్లో ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు. తేదీ చివరి చందా పడ్డ నెలలోనిదే అయ్యుండాలి. ఒకసారి వేశాక సులువుగా మారదు కాబట్టి రిలీవింగ్ లెటర్ పక్కన పెట్టుకుని నింపండి.