బూజు కర్ర పట్టే ముందు

దసరా దగ్గర పడితే మా ఇంట్లో మొదటి తగాదా బూజు కర్ర ఎవరు పట్టాలన్నదే. నాన్నకు దమ్ము, అంటే ఉబ్బసం. మేనత్తకు పొద్దున లేవగానే వరసగా పది తుమ్ములు. నాకు చిన్నప్పుడు మోచేతి మడతల్లో ఎగ్జిమా, చర్మం ఎర్రబారి ఒకటే దురద. ముగ్గురం ముగ్గురు డాక్టర్ల దగ్గరికి తిరిగాం గానీ, వేరు ఒకటే కావచ్చని చాలా ఏళ్లు ఎవరికీ తట్టలేదు.

2017లో 3 లక్షల 60 వేల మందికి పైగా జన్యువులు పోల్చి చూసిన అధ్యయనంలో ఉబ్బసం, ముక్కు అలర్జీ, ఎగ్జిమాలకు సంబంధించిన 136 జన్యు తేడాలు తేలాయి. చాలామటుకు మూడింటికీ ఉమ్మడివే. కొన్నిటికి మాత్రం ఒకవైపు మొగ్గు ఉంటుంది: చర్మాన్ని గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ జన్యువు దెబ్బతింటే ముందు ఎగ్జిమా వచ్చే అవకాశం ఎక్కువ, 17వ క్రోమోజోమ్ మీది ఒక భాగం చిన్నప్పటి ఉబ్బసం వైపు లాగుతుంది. ఒకే జన్యువులున్న కవలల్లో కూడా ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవచ్చు. దుమ్ము, పొగ, చెమ్మ లాంటివి తోడైతేనే ఆ గుణం బయటపడుతుంది.

అందుకే జన్యు పరీక్ష ప్యాకేజీలకు వేలు పోయకండి. ఆ 2017 అధ్యయనంలో ఉన్నది యూరప్ మూలాల వాళ్లు. మనకు అంతకన్నా పనికొచ్చే పరీక్ష అమ్మమ్మను, నానమ్మను అడగడమే. ఎవరికి పిల్లికూతలు, ఎవరికి ఎప్పుడూ ముక్కు దిబ్బడ, ఎవరు నోరు తెరిచి పడుకుంటారు? రెండు వైపులా ఉంటే పిల్లలకు అవకాశం ఇంకా ఎక్కువ. మేనరికమైతే రెండు వైపులూ ఒకే వైపు, అది వేరే కథ.

ఉబ్బసం ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ముక్కు అలర్జీ కూడా ఉంటుంది. 'సర్దే కదా' అని వదిలేస్తారు. ముక్కు మూసుకుపోతే నోటితో పీల్చాలి, అప్పుడు వడకట్టని చల్లగాలి నేరుగా ఛాతీలోకి పోతుంది. డాక్టర్ రాసిన ముక్కు స్ప్రే ఉంటే సీజన్‌కు రెండు వారాల ముందే మొదలుపెట్టవచ్చేమో అడగండి, అది మొదటి రోజే పనిచేసే మందు కాదు. కుడి చేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమ చేత్తో కుడి ముక్కులోకి కొట్టాలి, మధ్య గోడకు తగలకూడదు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే దిబ్బడ చుక్కలు వేరు. అయిదు రోజులు దాటి వాడితే మందు ఆపగానే ముక్కు మళ్లీ బిగుసుకుంటుంది. దమ్ము రాకుండా రోజూ వాడే ప్రివెంటర్ పంపును, ఒంట్లో బాగుందని ఆపేయకండి. మృగశిర కార్తెకు నాంపల్లిలో చేప మందు మింగి వచ్చినవాళ్లకూ అదే మాట.

ఇక దులపడం. దమ్ము ఉన్నవాళ్లు ఆ పూట చుట్టాలింటికి వెళ్లిపోవాలి, దుమ్ము అణిగేదాకా రాకూడదు. దులిపేవాళ్లకు ఎన్-95 మాస్కు, తడిగుడ్డ. సజ్జ మీది బొంతలు, రగ్గులు ఎండలో వేసి బాదితే చాలదు. వాటిలో ఉండే దుమ్ము పురుగుల రెట్టే అలర్జీ తెస్తుంది, బాదినప్పుడు అది బాదే మనిషి ముక్కులోకే పోతుంది. 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి. వానల్లో గోడలకు పట్టిన నల్లటి చెమ్మ మరకలనైతే పొడిగా గోకనే గోకవద్దు.

బయట, వానల తర్వాత ఖాళీ ప్లాట్ల నిండా అలర్జీ తెచ్చే వయ్యారిభామ పూస్తుంది, దాన్ని మీరే పీకబోకండి. దీపావళి రాత్రి కిటికీలు మూయండి. చలికాలం తెల్లవారుజామున పొగ, దుమ్ము కిందికే అణిగి ఉంటాయి, నెక్లెస్ రోడ్డు నడక ఎండ పొడిచాక పెట్టుకోండి. ఆయాసం వచ్చినప్పుడు కొట్టుకునే రిలీవర్ పంపులో ఎన్ని డోసులు మిగిలాయో ఇప్పుడే చూడండి. అది కొట్టినా ఆయాసం తగ్గకపోయినా, మాట పూర్తి చేయలేకపోయినా, పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చేయండి.

ఈసారి కర్ర మాత్రం మా బావకే ఇచ్చాం. ఆయనది మేనరికం కాదు, మా వంశం ముక్కు ఆయనకు లేదు.