హాస్టల్ పిల్లలకు నిప్పు జాగ్రత్తలు: ఒక వార్డెన్ మేడమ్ మాట

ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతాను, అమ్మాయిల హాస్టల్‌కి వార్డెన్‌గా కూడా ఉంటాను. పగలు క్లాసులో ఓమ్స్ లా నోట్సు రాసుకున్న పిల్లలే రాత్రి గదిలో ఒకే బోర్డుకి కెటిల్, ఐరన్ బాక్స్ కలిపి పెడతారు. ‘హీటర్లు వాడరాదు, వంట చేయరాదు, తప్పితే జరిమానా’ అని ప్రతి హాస్టల్లోనూ మెట్ల దగ్గర నోటీసు ఉంటుంది. ఎందుకు వాడకూడదో అందులో ఉండదు, అందుకే ఎవరూ లెక్కచేయరు. కొత్తగా చేరేవాళ్లకు ఆ ‘ఎందుకు’ ముందు చెబుతాను.

మీ మంచం పక్కనున్న చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. గీజరు, ఏసీల కోసం పెట్టే పెద్ద రంధ్రాల సాకెట్ 16 ఆంపియర్లది. మన కరెంటు 230 వోల్టులు. ఏ వస్తువైనా కొనేముందు దాని మీద రాసిన వాట్లను 230తో భాగించండి. 65 వాట్ల లాప్‌టాప్ ఛార్జర్ 0.3 ఆంపియర్ కూడా తీసుకోదు. వెయ్యి వాట్ల ఐరన్ బాక్స్ నాలుగు చిల్లర తీసుకుంటుంది. 1500 వాట్ల కెటిల్‌కైనా, నీళ్లు కాచే రాడ్‌కైనా ఆరున్నర కావాలి. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్‌కి 8.7. అంటే కెటిల్ ఒక్కటి పెట్టినా చిన్న సాకెట్ హద్దు దాటినట్టే. దాని పక్కన ఐరన్ బాక్స్ కూడా పెడితే 11 అవుతుంది. కరెంటు రెట్టింపైతే వైరులో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. ఇది సిలబస్‌లో ఉన్నదే.

‘ఎక్కువైతే ఎంసీబీ పడిపోతుంది కదా మేడమ్’ అని చురుకైన పిల్లలు అడుగుతారు. ఎంసీబీ అంటే కరెంటు మరీ ఎక్కువైతే తనంతట తానే పడి లైను ఆపేసే స్విచ్. దాని హద్దు దాటితే పడిపోతుంది. ఆ లైనుకి 16 ఆంపియర్ల ఎంసీబీ పెట్టి ఉంటే 11 ఆంపియర్లకి అది కదలదు. ఈలోగా సాకెట్టూ, సన్నవైరు ఎక్స్‌టెన్షన్ బాక్సూ వేడెక్కి మెత్తబడుతుంటాయి. ఇంకో సంగతి ఉంది. ప్లగ్ వదులుగా ఉండి పిన్ దగ్గర చిటపటమంటుంటే అక్కడ వేడి పుడుతుంది గానీ కరెంటు పెరగదు. మామూలు ఎంసీబీకి అది తెలియదు. మీ ముక్కుకీ చేతికీ మాత్రమే తెలుస్తుంది. సాకెట్ చుట్టూ గోధుమరంగు మరక, తీసినప్పుడు వేడిగా తగిలే ప్లగ్, కాలిన ప్లాస్టిక్ వాసన, స్విచ్ వేస్తే మినుకుమనే లైటు... వీటిలో ఏది కనిపించినా ఆ పాయింట్ వాడటం ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి. రిజిస్టరులో రాసి ఊరుకోకండి, అతను వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.

ప్లగ్ లేని వైరు కొసలు సాకెట్లో దూర్చి, జారకుండా అగ్గిపుల్లలు గుచ్చే విద్య ఇప్పటికీ హాస్టళ్లలో సీనియర్ల నుంచి జూనియర్లకి అందుతూనే ఉంది. పెద్ద ప్లగ్‌ని చిన్న సాకెట్లో పట్టించడానికి బజారులో కన్వర్టర్ దొరుకుతుంది. అది ప్లగ్ ఆకారాన్నే మారుస్తుంది, సాకెట్ శక్తిని పెంచదు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి. దాన్ని పరుపు కిందా, బట్టల కుప్పలోనూ పెట్టకండి. ఒక బాక్స్‌లో ఇంకో బాక్స్ గుచ్చకండి.

రాడ్ గురించి విడిగా చెప్పాలి. చలికాలంలో పొద్దున్నే బాత్‌రూమ్ దగ్గర క్యూ, గీజరు పాడు, తొమ్మిదింటికి క్లాసు. రాడ్ ఎందుకు కొంటారో నాకు అర్థమవుతుంది. ప్లాస్టిక్ బకెట్లో రాడ్ వేసి, స్విచ్ వేసి, పక్కగదిలో కబుర్లలో పడితే నీళ్లు మరిగి తగ్గుతాయి. రాడ్ నీళ్లలోంచి బయటపడుతుంది, బకెట్ అంచు కరుగుతుంది. నీళ్లు కాగాయో లేదోనని స్విచ్ ఆపకుండా వేలు పెట్టి చూసేవాళ్లకు షాక్ ప్రమాదం వేరే ఉంది. గీజరు పాడైతే పదిమంది సంతకాలతో కాగితం రాసి వార్డెన్ చేతికివ్వండి. వేడినీళ్ల ఏర్పాటు చేయకుండా రాడ్లు మాత్రం లాక్కుపోయే వార్డెన్ సగం పనే చేసినట్టు, ఇది మా వాళ్లకీ చెబుతుంటాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఫోన్, పవర్ బ్యాంక్ దిండు కింద పెట్టి ఛార్జ్ చేయొద్దు. ఉబ్బిన బ్యాటరీని ఒక్కరోజు కూడా గదిలో ఉంచొద్దు. దోమల చుట్ట, అగరుబత్తి వెలిగిస్తే వేలాడే దుప్పటికీ, కర్టెన్‌కీ దూరంగా, స్టీలు పళ్లెంలో పెట్టండి. కరెంటు పోతే కొవ్వొత్తి కాదు, ఫోన్ టార్చి. నెయిల్ పాలిష్ రిమూవర్, శానిటైజర్ ఐరన్ బాక్స్ దరిదాపుల్లో ఉండకూడదు. దీపావళికి మిగిలిన టపాకాయలు ట్రంకు పెట్టెలో దాచొద్దు.

ఇక తాళం సంగతి. అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇదే. అమ్మాయిల హాస్టల్లో ప్రతి కిటికీకీ ఇనుప గ్రిల్ ఉంటుంది, రాత్రి కాగానే మెయిన్ గేటుకి తాళం పడుతుంది, వెనక మెట్ల తలుపు ‘ఎందుకైనా మంచిద’ని మూసేస్తారు. తల్లిదండ్రులు ఆ తాళం చూసి నిశ్చింతగా వెళతారు. బయటివాడు లోపలికి రాకుండా ఆపే తాళమే లోపలివాళ్లు బయటపడకుండానూ ఆపుతుంది. బయటికి దారితీసే తలుపులు లోపలివైపు నుంచి తాళంచెవి అవసరం లేకుండా తెరుచుకోవాలని మన నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతోంది. తలుపు లోపలివైపు నెట్టగానే తెరుచుకునే కడ్డీ పెట్టి, తెరిస్తే గంట మోగేలా చేస్తే రెండు భయాలూ తీరతాయి. అది లేనిచోట కనీసం తాళంచెవి తలుపు పక్కనే అద్దం పెట్టెలో ఉండాలి. చేరిన మొదటి వారంలోనే అడగండి: వెనక మెట్లు ఎక్కడ, రాత్రి తాళంచెవి ఎవరి దగ్గర, వాచ్‌మన్ నిద్రపోతే ఎవరిని లేపాలి? టెర్రస్ తలుపు తీసి ఉంటుందో లేదో మీరే పైకి వెళ్లి చూడండి. మీ గది నుంచి మెట్లదాకా ఎన్ని తలుపులో లెక్కపెట్టి గుర్తుంచుకోండి. పొగలో కళ్లు పనిచేయవు, గోడ తడుముతూ తలుపులు లెక్కపెట్టుకుంటూనే వెళ్లాలి.

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ లాంటి చోట్ల ప్రైవేటు హాస్టల్లో దిగేవాళ్లు భోజనం, బాత్‌రూమ్ చూసి అడ్వాన్స్ ఇచ్చేస్తారు. ముందు సెల్లార్‌లోకి దిగి చూడండి. మెట్లు ఒకటే ఉండి, వాటి కిందే మీటరు బోర్డులు, పాత పరుపులు, ఛార్జింగ్ పెట్టిన స్కూటర్లు ఉంటే ఇంకో హాస్టల్ వెతుక్కోండి. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు రేగాయి. పొగ పైఅంతస్తులకు పాకి ఎనిమిది మంది చనిపోయారు. మరుసటి సంవత్సరం మార్చి 16న అదే ఊళ్లో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో పొగకు ఊపిరాడక ఆరుగురు కుర్రవాళ్లు, అమ్మాయిలు పోయారు. చాలాచోట్ల మంట కంటే ముందు పొగే చంపుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రెండు మూడు నిమిషాల్లోనే మనిషిని తూలేట్టు చేయగలదు.

అందుకే నిప్పు పుట్టాక చేయాల్సినవన్నీ పొగను బట్టే ఉంటాయి. మంట చిన్నగా, చెత్తబుట్టంత ఉంటే, బయటికి దారి మీ వెనకే ఉంటే ఆర్పే ప్రయత్నం చేయండి. కరెంటు వస్తువైతే ముందు మెయిన్ ఆపాలి, నీళ్లు పోయొద్దు. మంటలార్పే ఎర్ర సిలిండర్ వాడటం కష్టమేం కాదు: పిన్ లాగి, గొట్టం మంట మొదలుకి గురిపెట్టి, పిడి నొక్కి, అటూ ఇటూ ఊపాలి. చిన్న సిలిండర్ పది సెకన్ల లోపే ఖాళీ అవుతుంది, కాబట్టి దూరం నుంచి గాల్లోకి కొట్టి వృథా చేయొద్దు. సిలిండర్ మీదున్న మీటరు ముల్లు ఆకుపచ్చలో ఉందో లేదో ఇవాళే చూసి పెట్టుకోండి. మా దగ్గర ఏటా మాక్ డ్రిల్‌లో పిల్లల చేతే నిజంగా కొట్టిస్తాం. ఒకసారి పట్టుకున్న పిల్లకి ఆ బరువు కొత్తగా ఉండదు.

ఒక్క సిలిండర్‌తో ఆరకపోతే వదిలేయండి. గది తలుపు గట్టిగా లాగి మూసి బయటికి రండి, ‘మంటలు’ అని అరుస్తూ తలుపులు బాదండి. 101కి గానీ 112కి గానీ ఫోన్ చేసి హాస్టల్ పేరు, వీధి, దగ్గర్లోని గుర్తు, ఎన్నో అంతస్తో చెప్పండి. లిఫ్ట్ ఎక్కొద్దు. పొగ ఉంటే నేలకి వంగి నడవండి, కింద గాలి కాస్త నయంగా ఉంటుంది.

మీ తలుపు అవతలే మంట ఉండొచ్చు. తెరిచేముందు చెయ్యి వెనకవైపుతో తలుపును తాకి చూడండి. వేడిగా ఉన్నా, మెట్లనిండా నల్లటి పొగ ఉన్నా గదిలోనే ఉండిపోవాలి. తలుపు మూసి, తడిపిన తువ్వాలు, చున్నీ, దొరికిందల్లా తలుపు కింద సందులో కుక్కండి. కిటికీ దగ్గర నిలబడి తెల్లటి గుడ్డ ఊపండి, ఫోన్‌లో గది నంబరు చెప్పండి. మంచం కిందా, బాత్‌రూమ్‌లోనూ దాక్కుంటే వెతికేవాళ్లకు కనబడరు. 2019 మే 24న సూరత్ కోచింగ్ సెంటర్‌లో మెట్లదారి మంటల్లో చిక్కుకుంది. అక్కడ చనిపోయిన 22 మందిలో పైనుంచి దూకిన పిల్లలూ ఉన్నారు. నిచ్చెన వచ్చేదాకా దూకకుండా ఆగడం చాలా కష్టం. తడిగుడ్డతో మూసిన తలుపు ఆ సమయం కొంతైనా ఇస్తుంది.

ఒంటిమీద బట్ట అంటుకుంటే పరుగెత్తకండి, నేలమీద పడి దొర్లండి. కాలినచోట కుళాయి నీళ్లు 20 నిమిషాలు ధారగా పడనివ్వండి. ఇంకు, టూత్‌పేస్ట్, ఐసు పెట్టొద్దు. అంటుకుపోయిన బట్టను పీకొద్దు. 108కి ఫోన్ చేయండి.

బయటపడ్డాక ఎక్కడ కలవాలో మీ గదివాళ్లంతా ముందే అనుకోండి, మాకు షటిల్ కోర్టు. అక్కడ ఒకరినొకరు లెక్కపెట్టుకుని, లేనివాళ్ల గది నంబరు ఫైర్ సిబ్బందికి చెప్పాలి. బయటికి వచ్చినవాళ్లు మళ్లీ లోపలికి పరుగెత్తేది ఎక్కువగా లాప్‌టాప్ కోసమో, సూట్‌కేసులోని టెన్త్, ఇంటర్ మెమోల కోసమో. ఆ మెమోలు డిజిలాకర్‌లో ఉన్నాయో లేదో ఈ వారంలోనే చూసుకోండి, ప్రాజెక్టు ఫైళ్లు ఆన్‌లైన్‌లో ఒక కాపీ పెట్టుకోండి.