మిలటరీ తాతయ్యల గురించి పిల్లలకి ఇంట్లోనే ఎలా చెప్పాలి

మాది ఒడిశాలోని పర్లాకిమిడి, సరిహద్దు దాటితే పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా, అటూ ఇటూ ఆర్మీలో చేసొచ్చినవాళ్లు మనకేం కొత్త కాదు. అయినా మన పిల్లలకి సైనికుడంటే సినిమాలో తుపాకీ పట్టుకున్న హీరోనే, పక్కింట్లో లుంగీ కట్టుకుని మొక్కలకి నీళ్లు పోసే పెద్దాయన కాదు. ఆయన దగ్గరే మొదలెట్టండి.

ముందు మన నోరు సరిచేసుకోవాలి. పిల్లల ముందే "మావయ్యా, మిలటరీ క్యాంటీన్‌లో ఓ బాటిల్ ఇప్పించవా" అంటాం, ఇంక ఆయన చేసిన సర్వీసంతా పిల్లాడి బుర్రలో చవక మందు కింద మిగుల్తుంది.

తర్వాత ఓ సాయంత్రం పిల్లల్ని వాళ్లింటికి తీసుకెళ్లండి, కానీ వెళ్లే ముందే చెప్పండి, "ఎంతమందిని చంపారు" అని మాత్రం అడగొద్దని. మా చిన్నోడు అడిగేశాడు, ఆయన నవ్వారు గానీ ఆ తర్వాత ఇంకేం మాట్లాడలేదు, నాకు తల కొట్టేసినట్టయింది. మొదటి పోస్టింగ్ ఎక్కడ, మంచులో ఏం తినేవారు, ఇంటి నుంచి ఉత్తరం ఎన్నాళ్లకొచ్చేది, ఇలాంటివి అడగమనండి. మన పిల్లలకి ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా కదా, రెండోసారి వెళ్లినప్పుడు మా అమ్మాయి "హిందీ ఎలా నేర్చుకున్నారు తాతయ్యా" అందంతే, గంటసేపు చెప్పారు, హవల్దార్ తిట్లతో సహా. ఆయనకి చెప్పాలని లేకపోతే మాత్రం టీ తాగి వచ్చేయండి, బలవంతం వద్దు.

గుర్తుపెట్టుకోవాల్సిన రోజులు రెండు చాలు. డిసెంబర్ 7 సైనిక దళాల ఫ్లాగ్ డే, 1949 నుంచి జరుగుతోంది, ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న జెండా ఇస్తారు, ఆర్మీకి, నేవీకి, ఎయిర్‌ఫోర్స్‌కి ఒక్కో రంగు. ఆ డబ్బు సైనికుల, మాజీ సైనికుల, వాళ్ల కుటుంబాల సంక్షేమానికి వెళ్తుంది, కాబట్టి పిల్లల డిబ్బీ లోంచే పది రూపాయలు తీయించండి. రెండోది జనవరి 14, వెటరన్స్ డే, అంటే మాజీ సైనికుల రోజు, మన ఆర్మీకి మొదటి భారతీయ అధిపతి జనరల్ కరియప్ప 1953లో రిటైరైన రోజు. మనకెలాగూ సంక్రాంతి హడావుడే, ఓ ప్లేటు అరిసెలు పిల్లల చేత పంపిస్తే సరి.

కథ కావాలంటే మేజర్ పద్మపాణి ఆచార్యది చెప్పండి, ఒడియా కుటుంబం, హైదరాబాద్‌లో ఉండేవాళ్లు, కార్గిల్‌లో 1999 జూన్ 28న ప్రాణాలిచ్చారు, మహావీర్ చక్ర వచ్చింది. మా ఇంట్లో ఆయన మనోడా ఒడియా ఆయనా అని పెద్ద గొడవే అయింది, నేను తీర్పు చెప్పలేదు. ఎనిమిదేళ్లలోపు వాళ్లకి చావుల సంగతి వద్దులెండి, వైజాగ్ వెళ్లినప్పుడు కురుసుర సబ్‌మెరైన్ లోపలికి తీసుకెళ్లండి, ఆ ఇరుకు చూస్తే వాళ్లే ప్రశ్నలడుగుతారు.

టెన్త్ దాటిన పిల్లలకైతే పని అప్పజెప్పండి. పెన్షన్ కోసం పెద్దాయన ఏటా లైఫ్ సర్టిఫికెట్, అంటే బతికే ఉన్నానన్న రుజువు, ఇవ్వాలి, ఇప్పుడది ఫోన్‌లోనే ముఖం చూపించి చేయొచ్చు, అక్కడే ఆయన తికమకపడతారు. మావాడు పక్కన కూర్చుని చేయించాడు, ఓటీపీ మాత్రం ఆయన్నే కొట్టనివ్వమన్నాను. కళ్లజోడు తీయమంటే తీసి, ఫోన్ ముందు అటెన్షన్‌లో నిలబడ్డారట.