పిల్లల కుర్చీకి జిగురు పెట్టే ముందు

జిగురు డబ్బా మూత తీయకముందే కుర్చీని ఒకసారి ఉత్తినే బిగించి చూడండి. కాళ్లు నేలకు ఆనుతున్నాయా, మూలమట్టం సరిగ్గా పడుతోందా, క్లాంపులు (అతికించిన ముక్కల్ని కదలకుండా నొక్కి పట్టే బిగింపులు) సరిపోతాయా అన్నది అప్పుడే తేలాలి. జిగురు రాశాక వెతుక్కునే టైముండదు. మా అబ్బాయి స్టూలుకు నేను ఈ పని ఎగ్గొట్టాను. ఇప్పటికీ అది మూడు కాళ్ల మీదే నిలబడుతుంది.

మా చెన్నైలో అసలు చిక్కు గాలిలో తేమ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో తెల్ల జిగురు ఆలస్యంగా ఆరుతుంది, చెక్క ఉబ్బుతుంది. కొన్న చెక్కను వెంటనే కొయ్యకుండా వారమైనా ఇంట్లో ఉంచండి. అతికించాక కనీసం 24 గంటలు, వాన రోజుల్లో ఇంకా ఎక్కువసేపు, పిల్లల్ని ఎక్కనివ్వకండి. చెబితే వినరు కాబట్టి గదికి గొళ్లెం పెట్టడమే మేలు.

• అతికే చోట రంగు, వార్నిష్, నూనె, దుమ్ము ఉండకూడదు.
• పొంగిన జిగురును తడిగుడ్డతో వెంటనే తుడవాలి. క్లాంపు మరీ బిగిస్తే జిగురంతా బయటికే వచ్చేస్తుంది.
• అంచులు గుండ్రంగా చేసి 120, తర్వాత 220 నంబరు గరుకు కాగితం పట్టండి. చేతికి పాత నైలాన్ సాక్సు తొడుక్కుని తడమండి. దారం తగులుకుంటే అక్కడ పేడు ఉన్నట్టే.
• ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన 2017లో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు కొన్న పాత డబ్బాలు అటక మీదే ఉండనివ్వండి.
• బొమ్మల అర చేస్తుంటే, దాన్ని గోడకు బిగించే బ్రాకెట్లు ముందే కొనుక్కోండి.