కెమెరా కాపలా – 4వ పాఠం: గీత ఎక్కడ గీయాలి?

పోయిన పాఠంలో ఇచ్చిన హోంవర్క్ చేశారా? గోడౌన్ చుట్టూ ఒకసారి నడిచి, మనిషి ఎక్కడెక్కడ నుంచి లోపలికి రాగలడో కాగితం మీద గీసుకోమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకుని కూర్చోండి, ఇవాళ పనంతా దానితోనే. గీయనివాళ్లు ముందు ఆ పని చేసి రండి. అది లేకుండా కెమెరా మెనూ తెరిస్తే కళ్లు మూసుకుని ముగ్గు పెట్టినట్టే ఉంటుంది.

మన ఉదాహరణ పాతదే, గుంటూరు శివార్లలోని మిర్చి గోడౌన్. ముందు లారీల గేటు, దాని పక్కన కాటా. కుడివైపు ఏడడుగుల ప్రహరీ, అవతల తుమ్మచెట్లు. వెనక గోడకు అవతల పొలం. నాలుగు కెమెరాలు బిగించాం, రికార్డర్ ఆఫీసు గదిలో పెట్టాం, బొమ్మ చక్కగా వస్తోంది. ఇక దొంగ వస్తే మనకు తెలియాలి. ఈ పాఠం అందుకే.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక గోడౌన్‌లో అన్ని కెమెరాలకూ మోషన్ డిటెక్షన్, అంటే ఏది కదిలినా పసిగట్టే ఏర్పాటు, పెట్టేసి, మెసేజ్‌లు ఓనర్ గారి ఫోన్‌కి వెళ్లేలా కలిపి, చేతులు దులుపుకుని వచ్చేశాను. ఆ రాత్రి నుంచి ఆయనకు నిద్ర లేదు. కుక్క నడిస్తే మెసేజ్, టార్పాలిన్ ఎగిరితే మెసేజ్, రోడ్డు మీద లారీ మలుపు తిరిగి లైటు గోడ మీద పడితే మెసేజ్. మూడు రాత్రులు ఓర్చుకుని నాలుగో రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నారు. ఆ వారంలోనే ఎవరో వెనక గోడ దూకి బోరు మోటార్ కేబుల్ కోసుకుపోయారు. పొద్దున్నే ఇద్దరం కూర్చుని ఫోన్ చూశాం. రాత్రి రెండు దాటాక వచ్చిన మెసేజ్ అందులోనే ఉంది, మనిషి బొమ్మతో సహా. దానికి పైనా కిందా అన్నీ కుక్కలూ పురుగులే. నన్ను ఆయన ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

సంగతేమిటంటే, మామూలు మోషన్ డిటెక్షన్‌కి మనిషి అంటే ఏమిటో తెలియదు. ముందు క్షణం బొమ్మకీ ఈ క్షణం బొమ్మకీ తేడా ఎంతో లెక్కేస్తుంది, అంతే. కొమ్మ ఊగినా తేడానే. స్మార్ట్ కెమెరా ఇంకో మెట్టు ఎక్కుతుంది. కదిలిన దాని ఆకారం చూసి ఇది మనిషి, ఇది బండి అని గుర్తుపడుతుంది. లక్షల బొమ్మలు చూపించి ముందే దానికి ఆ తేడా నేర్పించి ఉంటారు. కాబట్టి మెనూలో టార్గెట్ అన్న చోట మనిషికీ బండికీ మాత్రమే టిక్కు పెట్టండి. మోషన్ మెసేజ్‌లు ఆపేయండి. రికార్డింగ్ మాత్రం ఎప్పటిలాగే నడవనివ్వండి.

ఇప్పుడు గీత. ఇది సుద్దతో గీసేది కాదు, మెనూలో కెమెరా బొమ్మ మీద గీసేది. కెమెరాకి మనం చెప్పగలిగే మాటలు ముఖ్యంగా రెండు. ఒకటి, ఈ గీత దాటితే చెప్పు. దీన్ని హిక్‌విజన్ కంపెనీ కెమెరాల్లో లైన్ క్రాసింగ్ అంటారు, దహువా కంపెనీవాటిలో ట్రిప్‌వైర్ అంటారు. రెండోది, ఈ గడిలోకి వచ్చి ఇన్ని సెకన్లు ఉంటే చెప్పు. దాన్ని ఇంట్రూజన్ అంటారు. గోడల దగ్గర గీత, ఖాళీ స్థలంలో గడి. నేను మాత్రం ప్రహరీ దగ్గర రెండూ పెడతాను. ఒకటి తప్పినా ఇంకోటి పట్టుకుంటుంది.

కుడివైపు ప్రహరీ దగ్గరకు రండి. కొత్తవాళ్లందరూ గీతను గోడ పైఅంచు మీద గీస్తారు. గోడ దూకుతాడు కాబట్టి గోడ మీదే గీయాలి కదా అనిపిస్తుంది. కానీ గోడ మీద ఉన్నవాడు కెమెరాకి సగమే కనిపిస్తాడు, వెనక తుమ్మకొమ్మలు అడ్డం. తలా, రెండు చేతులూ చూసి అది మనిషని కెమెరా తేల్చుకోలేకపోవచ్చు. గీతను లోపలికి, నేల మీదికి దించండి. గోడ దిగినవాడి పాదాలు పడే చోటు నుంచి ఒక మీటరు ఇవతల గీస్తే సరిపోతుంది. నిలబడి ఒకట్రెండు అడుగులు వేసేసరికి పూర్తి మనిషి ఆకారం కెమెరాకి దొరుకుతుంది.

ఇంకొకటి, గీతకు రెండువైపులా కొంత చోటుండాలి. కెమెరా మనిషిని ముందు చూసి, గుర్తుపట్టి, వెంటపడి, అప్పుడు గీత దాటాడని చెప్పాలి. గీత బొమ్మ అంచుకి అతుక్కుని ఉంటే ఆ కాస్త టైమ్ కూడా దానికి దొరకదు. బొమ్మలోకి వస్తూనే దాటేస్తాడు.

ఎటు నుంచి ఎటు దాటితే మోగాలో చెప్పే బాణం గుర్తు సంగతి. ప్రహరీ దగ్గర ఎవరూ దాటే పని లేదు కాబట్టి రెండు దిక్కులా పెట్టండి. గేటు దగ్గర బయటి నుంచి లోపలికి మాత్రమే పెట్టండి. లేకపోతే వాచ్‌మన్ టీకి వెళ్లినప్పుడల్లా మోగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఎలాగూ మోగుతుంది, అది భరించాలి.

దూరం లెక్క కొంచెం విసుగే, అయినా తప్పదు. కెమెరా ఎంత దూరం చూస్తుందని అందరూ అడుగుతారు. అడగాల్సింది, ఆ దూరంలో ఒక మీటరు వెడల్పుకి ఎన్ని పిక్సెళ్లు, అంటే బొమ్మలోని చుక్కలు, వస్తున్నాయని. ఐఈసీ 62676-4 అనే అంతర్జాతీయ ప్రమాణం 2014 కూర్పులో దీనికి అంకెలు ఇచ్చారు. ఎవరో ఉన్నారని తెలియడానికి మీటరుకి 25 పిక్సెళ్లు, తెలిసిన మనిషైతే ఫలానావాడని పోల్చుకోవడానికి 125, ముక్కూ మొహం తెలియనివాణ్ని కచ్చితంగా గుర్తించడానికి 250.

మన కెమెరాలు 4 మెగాపిక్సెల్‌వి, బొమ్మ అడ్డంగా 2560 పిక్సెళ్లు. రెండు ఇటుకలు తీసుకోండి. గీత గీసిన దూరంలో, ఫోన్‌లో బొమ్మ చూసుకుంటూ, ఎడమ అంచున ఒక ఇటుక, కుడి అంచున ఒక ఇటుక పెట్టించండి. మధ్యలో టేపు పట్టి కొలవండి. 20 మీటర్లు వచ్చిందా? 2560ని 20తో భాగిస్తే 128, తెలిసినవాడైతే పోల్చుకోవచ్చు. 40 మీటర్లు వస్తే 64, ఎవరో వచ్చారని చెప్పగలం గానీ మొహం మీద ఆశ పెట్టుకోవద్దు. మొహం కావాలంటే వెడల్పు 10 మీటర్లకు మించకూడదు. అందుకే గేటు కెమెరాని దగ్గరగా, ఇరుకుగా పెట్టమని రెండో పాఠంలో అంత గొడవ చేశాను.

రాత్రి చిక్కులు వేరు. చీకటి పడగానే కెమెరా తన ఇన్‌ఫ్రారెడ్ లైటు వేసుకుంటుంది. కెమెరా చుట్టూ పురుగులు మూగుతాయి, పురుగుల కోసం సాలీడు గూడు కడుతుంది, బల్లి వచ్చి అద్దం మీదే కాపలా కాస్తుంది. లెన్స్‌కి అంత దగ్గరగా ఉన్న సాలెపోగు తెల్లటి తాడులా మెరిసి బొమ్మని మింగేస్తుంది. వారానికోసారి కర్రకి మెత్తటి గుడ్డ కట్టి దులపడమే మందు. మిర్చి గోడౌన్‌లో దుమ్ము కూడా తోడవుతుంది. టిక్కీలు (మిర్చి బస్తాలు) దించిన రోజుల్లో అద్దం మీద ఎర్రటి పొర పడుతుంది. దాన్ని పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, తడిగుడ్డ వాడండి. కళ్లు తుడుచుకోకండి. ఎందుకో గుంటూరువాళ్లకి చెప్పక్కర్లేదు.

టైమ్ షెడ్యూల్ రాత్రి 10 నుంచి తెల్లవారి 5 వరకు పెట్టుకోవచ్చు. అయితే సీజన్‌లో అది పనికిరాదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు రాత్రిళ్లు కూడా దిగుతుంది, హమాలీలు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. ఆ నెలల్లో ముందువైపు గడి ఆపేసి, వెనక గోడ, కుడి ప్రహరీ మాత్రం ఉంచండి. మేలో మిర్చి యార్డుకి వేసవి సెలవులు ఇచ్చి సందడి తగ్గాక అన్నీ మళ్లీ ఆన్ చేయడం మర్చిపోవద్దు. అసలు భయపడాల్సింది అప్పుడే. లోపల సరుకు నిండా ఉంటుంది, బయట మనుషులు ఉండరు.

ఇక పరీక్ష. పగలు చేయొద్దు, రాత్రి పది దాటాక చేయండి. మన గోడౌన్‌లో వాచ్‌మన్ పెద్దాయన. "బాబాయ్, ఇవాళ ఒక్క రాత్రికి మీరే దొంగ" అన్నాను.

"ఈ వయసులో గోడ దూకలేను బాబూ" అన్నాడు.

"దూకొద్దులే బాబాయ్, గోడ పక్క నుంచి నడిచి రండి చాలు."

మొదటిసారి మామూలుగా నడిచాడు, రెండు సెకన్లలో ఫోన్ మోగింది. రెండోసారి వంగి నడిచాడు, మోగింది. మూడోసారి తలమీంచి దుప్పటి కప్పుకుని మెల్లగా వచ్చాడు. మోగలేదు. దుప్పటి కింద చేతులూ కాళ్లూ కనపడకపోతే మనిషి ఆకారం మారిపోతుంది. సెన్సిటివిటీ కాస్త పెంచాం. ఇంతకంటే చిన్నదాన్ని పట్టించుకోవద్దని చెప్పే కనీస సైజు అని ఇంకో సెట్టింగ్ ఉంటుంది, దాన్ని కాస్త తగ్గించాం. నాలుగోసారి మోగింది. అప్పుడు కుక్కని తోలాం, మోగలేదు. అక్కడితో ఆపేశాం. ఇంకా పెంచితే ఆ కుక్కే మనిషైపోతుంది.

ఈ వారం హోంవర్క్: ప్రతి గీత దగ్గరా నాలుగు నడకలు నడిపించండి, మామూలుగా, వంగి, దుప్పటితో, గొడుగుతో. మోగిందా లేదా కాగితం మీద రాయండి. తర్వాత ఏడు రాత్రులు వచ్చిన మెసేజ్‌లన్నీ లెక్కపెట్టి, ఉత్తుత్తివి ఎన్నో, దేనివల్ల వచ్చాయో పక్కన రాయండి. రాత్రికి రెండు మూడు మించితే ఆ గీత చెరిపి ఇంకోచోట గీయండి.

ఐదో పాఠంలో, నిజంగానే మోగితే ఎవరికి మోగాలి, మొదటి నిమిషంలో ఏం చేయాలి, పోలీసులకి వీడియో ఎలా ఇవ్వాలి అన్నవి చూద్దాం. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చింది. వీడియోలాంటి ఎలక్ట్రానిక్ రికార్డుని కోర్టులో సాక్ష్యంగా ఇవ్వాలంటే జతచేసే కాగితాన్ని పాత చట్టంలో 65బీ సర్టిఫికెట్ అనేవాళ్లు, ఇప్పుడది సెక్షన్ 63. ఆ కాగితం నింపడం కూడా అప్పుడే నేర్చుకుందాం. ఈలోగా రికార్డర్‌లో తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయో లేదో ఒకసారి మీ ఫోన్‌తో సరిచూసుకోండి.